మజ్జిగలో పెరిగిన బంగారం

మజ్జిగలో ఉండే బ్యాక్టీరియా బంగారు రేణువులను పెంచగలదని 2002లో మద్రాసు ఐఐటీలో ప్రొఫెసర్ టి. ప్రదీప్ బృందం చూపించింది. పాలు తోడుకోవడంలో, పెరుగు పులియడంలో పాలుపంచుకునే లాక్టోబాసిల్లస్ జాతినే వాళ్ళు తీసుకున్నారు. దాన్ని బంగారు లవణం కరిగిన నీళ్ళలో ఉంచితే, అంతవరకు కంటికి కనిపించకుండా కరిగి ఉన్న బంగారం బ్యాక్టీరియా ఒంట్లో స్ఫటికాలుగా పేరుకుంది. వెండి లవణం ఇస్తే వెండి స్ఫటికాలు వచ్చాయి. రెండు లవణాలూ కలిపి ఇస్తే రెండు లోహాలూ కలిసిన మిశ్రలోహం వచ్చింది. ఇంత జరిగాక కూడా బ్యాక్టీరియా బతికే ఉంది.

సూక్ష్మజీవులు లోహపు నానోకణాలు తయారు చేస్తాయన్న మాట ఇప్పుడు కొత్తది కాదు. పత్రికల్లో వస్తోంది, కాలేజీ ప్రాజెక్టుల్లో వస్తోంది. ఏ జీవి చేసింది, ఏ లోహం, ఎంత సైజు అన్న మూడు ప్రశ్నలతో అక్కడ కథ ముగుస్తుంది. నాలుగో ప్రశ్న అడిగేవాళ్ళు తక్కువ: ఆ కణంలో అసలు ఏయే మూలకాలు, ఏ పాళ్ళలో ఉన్నాయి? ఇవాళ ఉన్న పాళ్ళే నెల తర్వాతా ఉంటాయా? నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. కణం మందుగా పనికొస్తుందా, విషమవుతుందా, అయస్కాంతంలా లాగుతుందా, నీటిని శుద్ధి చేస్తుందా అన్నది సైజుతోపాటు ఈ పాళ్ళమీద కూడా ఆధారపడుతుంది.

ముందు కొలతలు చూద్దాం. ఒక మీటరును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం ఒక నానోమీటరు. సాధారణ బ్యాక్టీరియా పొడవు 1000 నుంచి 2000 నానోమీటర్లు ఉంటుంది. అది తయారుచేసే లోహపు కణం ఎక్కువగా 5 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉంటుంది. ఇంత చిన్న ముద్దలో చాలా పరమాణువులు పైపొరలోనే ఉంటాయి. లోపల దాక్కునే చోటు తక్కువ. అందుకే చుట్టూ ఉన్న నీటితో, గాలితో, ప్రొటీన్లతో ఆ కణానికి క్షణక్షణమూ లావాదేవీ నడుస్తుంది. బంగారు గాజు తరాలపాటు అలాగే ఉంటుంది కాబట్టి లోహం అంటే మారనిది అన్న భావన మనకు పాతుకుపోయింది. నానోకణం విషయంలో ఆ భావనను పక్కన పెట్టాలి.

ఇక తయారీ. నీటిలో కరిగిన వెండి, ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న అయానుగా తిరుగుతుంటుంది. దానికి ఒక ఎలక్ట్రాన్ అందితే మామూలు వెండి పరమాణువు అవుతుంది. బంగారు లవణంలోని బంగారానికి మూడు ఎలక్ట్రాన్లు కావాలి. ఇలా ఎలక్ట్రాన్లు అందించడాన్నే బడి పుస్తకాల్లో క్షయకరణం అని చదువుకున్నాం. జీవకణం బతకడమంటేనే ఎలక్ట్రాన్లను ఒక అణువు నుంచి ఇంకొక అణువుకు అందిస్తూ పోవడం. తిన్న తిండి నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లను మోసే ఎన్ఏడీహెచ్ వంటి అణువులు, వాటిని బట్వాడా చేసే ఎంజైములు ప్రతి జీవిలోనూ ఉన్నాయి. ఆ దారిలోకి లోహపు అయాను వస్తే ఎలక్ట్రాన్ దానికి చేరుతుంది. అలా ఏర్పడ్డ పరమాణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ముద్ద కడతాయి. జీవి విడుదల చేసిన ప్రొటీన్లు ఆ ముద్దకు చుట్టూ అంటుకుని, అది మరీ పెద్దది కాకుండా, ఇతర ముద్దలతో కలిసిపోకుండా ఆపుతాయి.

జీవి ఈ పని ఎందుకు చేస్తుంది? ఒకే కారణం లేదు. కొన్నిటికి ఇది ఆత్మరక్షణ. కరిగిన వెండి, కాడ్మియం, బంగారం అయాన్లు జీవకణానికి విషం. వాటిని కరగని ముద్దగా మార్చేస్తే ప్రమాదం తగ్గుతుంది. స్వీడన్‌లోని ఉప్సాలా పరిశోధకులు 1999లో వర్ణించిన సూడోమొనాస్ స్టట్జెరీ ఏజీ259 అనే బ్యాక్టీరియా వెండి గని నుంచి వచ్చింది. అది 200 నానోమీటర్ల దాకా ఉండే వెండి స్ఫటికాలను తన కణపొరల మధ్య దాచుకుంది. వాటిలో కొన్ని త్రిభుజాలుగా, కొన్ని షట్కోణాలుగా ఉన్నాయి. ఇక్కడ మన నాలుగో ప్రశ్నకు మొదటి జవాబు దొరుకుతుంది. ఆ స్ఫటికాలన్నీ శుద్ధ వెండి కావు. కొన్ని వెండి సల్ఫైడు, అంటే వెండి గంధకంతో కలిసిన పదార్థం. ఒకే జీవి, ఒకే లవణం, అయినా రెండు రకాల కణాలు. సల్ఫైడు కట్టి విషాన్ని కట్టడి చేసే పద్ధతి ఈస్టుల్లోనూ ఉంది. కాడ్మియం ఉన్నచోట పెరిగిన రెండు ఈస్టులు దాదాపు 2 నానోమీటర్ల కాడ్మియం సల్ఫైడు కణాలు చేసి, వాటికి చిన్న ప్రొటీను ముక్కల తొడుగు వేస్తాయని 1989లోనే తేలింది.

కొన్ని జీవులకు లోహమే ఊపిరి. మనం తిండి నుంచి తీసిన ఎలక్ట్రాన్లను చివరికి ఆక్సిజన్‌కు అప్పగిస్తాం. ఆక్సిజన్ లేని బురదలో ఉండే జియోబాక్టర్ వాటిని ఇనుప తుప్పుకు అప్పగిస్తుంది. డెరెక్ లవ్లీ బృందం అమెరికాలోని పొటోమాక్ నది బురద నుంచి తీసిన ఇలాంటి బ్యాక్టీరియా, తుప్పును మాగ్నటైట్ అనే నల్లటి అయస్కాంత ఖనిజంగా మారుస్తుందని 1987లో ప్రకటించింది. ఈ ఖనిజం బ్యాక్టీరియా ఒంటి బయట ఏర్పడుతుంది.

మరి కొన్నిటికి అదే మాగ్నటైట్ ఒంటి లోపలి దిక్సూచి. ఇటలీలోని పావియాలో సాల్వతోరే బెల్లినీ 1963లో ఉత్తరదిశకే ఈదే బ్యాక్టీరియాను గమనించి రాసిపెట్టాడు. ఆ రాతలు చాలాకాలం మరుగున ఉండిపోయాయి. రిచర్డ్ బ్లేక్‌మోర్ 1975లో అమెరికాలో వుడ్స్ హోల్ దగ్గరి బురదలో ఇలాంటివాటినే చూసి సైన్స్ పత్రికలో ప్రచురించాక ప్రపంచానికి తెలిసింది. ఈ బ్యాక్టీరియా లోపల 35 నుంచి 120 నానోమీటర్ల అయస్కాంత స్ఫటికాలు గొలుసులా వరుసగా ఉంటాయి. ఒక్కో స్ఫటికానికీ సొంత పొర ఉంటుంది.

లోపల చేయడం, బయట చేయడం అన్న ఈ తేడా దగ్గర కాస్త ఆగాలి. కణంలో ఏ మూలకం ఎంత చేరుతుందన్నది చాలావరకు ఇక్కడే తేలిపోతుంది.

దిక్సూచి బ్యాక్టీరియాలో స్ఫటికం ఏర్పడేది పొర కట్టిన చిన్న సంచిలో. ఆ సంచిలోకి ఇనుమును పంపడానికి ప్రత్యేకమైన ప్రొటీన్లున్నాయి. వేరే లోహం లోపలికి రావడం కష్టం. సారా స్టానిలాండ్, ఆమె సహచరులు 2008లో మూడు రకాల మాగ్నెటోస్పిరిల్లమ్‌లను కోబాల్టు కలిపిన ద్రావణంలో పెంచి చూశారు. స్ఫటికాల్లోకి చేరిన కోబాల్టు 0.2 నుంచి 1.4 శాతమే. చూడటానికి ఇది లెక్కలోకి రానంత చిన్న మోతాదు. కానీ స్ఫటికపు అయస్కాంతత్వాన్ని చెరిపివేయడానికి కావలసిన బలం 36 నుంచి 45 శాతం పెరిగింది. వంద ఇనుప పరమాణువుల్లో ఒకటి మారితే గుణంలో ఇంత తేడా! నాలుగో ప్రశ్న ఎందుకు ముఖ్యమో ఈ ఒక్క ప్రయోగం చాలు చెప్పడానికి.

జియోబాక్టర్ అలా కాదు. దాని ఖనిజం బయట ఏర్పడుతుంది కాబట్టి వడపోసే పొర అడ్డంగా లేదు. మొదట ఇచ్చే తుప్పులోనే ఇనుముతోపాటు కోబాల్టు కలిపి ఇస్తే, వచ్చే మాగ్నటైట్‌లో ఇనుము స్థానాల్లో చెప్పుకోదగ్గ భాగాన్ని కోబాల్టు ఆక్రమిస్తుంది. ఇంగ్లండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయం బృందం ఈ దారిలో కోబాల్టు ఫెర్రైటు అనే గట్టి అయస్కాంత పదార్థాన్ని నానోకణాలుగా చేసింది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలవారు వేడిని ఇష్టపడే థర్మోఅనేరోబాక్టర్‌ను వాడి కోబాల్టు, నికెల్, మాంగనీసు, జింకు, క్రోమియం కలిసిన మాగ్నటైట్‌లు చేశారు. ఇదే తరహా జీవితో జింకు సల్ఫైడు కణాలను 900 లీటర్ల తొట్టెల్లో తయారుచేసిన అనుభవం కూడా వాళ్ళకుంది. కచ్చితమైన ఆకారం, ఒకే సైజు కావాలంటే లోపల చేసే జీవి మేలు. మూలకాల పాళ్ళు మనకు కావలసినట్టు మార్చుకోవాలంటే బయట చేసే జీవి మేలు. రెండూ ఒకేచోట కోరుకుంటేనే చిక్కు.

చుట్టూ ఉన్న నీరు కూడా పాళ్ళను నిర్ణయిస్తుంది. కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీలో బ్యాడ్‌వాటర్ అనే ఉప్పునీటి పల్లం ఉంది. అక్కడ దొరికిన బీడబ్ల్యు-1 అనే బ్యాక్టీరియా గురించి 2011లో ప్రచురించారు. దానికి ఒకటి కాదు, రెండు రకాల దిక్సూచులు చేయడం వచ్చు. ఒకటి ఇనుము, ఆక్సిజన్ కలిసిన మాగ్నటైట్. రెండోది ఇనుము, గంధకం కలిసిన గ్రిగైట్. వీటికి కావలసిన జన్యువుల గుంపులు కూడా రెండున్నాయి. నీటిలో సల్ఫైడు పెరిగిన కొద్దీ గ్రిగైట్ వైపు మొగ్గు పెరుగుతుంది. అంటే ఆ జీవి పేరు చెప్పినంత మాత్రాన దాని స్ఫటికంలో గంధకముందో లేదో చెప్పలేం. అది పెరిగిన నీరు ఎలాంటిదో కూడా చెప్పాలి.

మళ్ళీ బంగారం, వెండి మిశ్రమానికి వద్దాం. నగ చేసే కంసాలి బంగారంలో రాగి, వెండి ఎంత కలపాలో తూచి కలుపుతాడు. సూక్ష్మజీవి దగ్గర త్రాసు లేదు. దాని దగ్గరున్నవల్లా ఎలక్ట్రాన్లు, వాటికోసం పోటీపడే అయాన్లు. పోటీలో బంగారానిది పైచేయి. వెండికంటే బంగారం ఎలక్ట్రాన్లను సులువుగా లాక్కుంటుంది. కాబట్టి ఎలక్ట్రాన్లు కొద్దిగా ఉన్నప్పుడు ఏ లోహం ఎంత ఏర్పడుతుందన్నది ఆ పోటీని బట్టి ఉంటుంది. పూనాలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో మురళీ శాస్త్రి బృందం ఫ్యుజేరియం ఆక్సిస్పోరమ్ అనే శిలీంధ్రంతో చేసిన ప్రయోగాలు ఇక్కడ పనికొస్తాయి. ఈ జాతి శిలీంధ్రంలో కొన్ని రకాలు శనగకు, టమాటాకు, అరటికి వడలు తెగుళ్ళు తెస్తాయి. మన రైతులకు అది శత్రువు. అదే శిలీంధ్రం 2003 నాటి ప్రయోగంలో ఒంటి బయటే 5 నుంచి 15 నానోమీటర్ల వెండి కణాలు చేసింది. 2005లో బంగారం, వెండి కలిసిన 8 నుంచి 14 నానోమీటర్ల కణాలు చేసింది. మిశ్రమంలో ఏ లోహం ఎంత అన్నదాన్ని నిర్ణయించడంలో శిలీంధ్రం వదిలే ఎన్ఏడీహెచ్‌కు ముఖ్యపాత్ర ఉందని వాళ్ళు తేల్చారు.

పోటీ అక్కడితో ఆగదు. ముందే ఏర్పడిన వెండి కణం చుట్టూ కరిగిన బంగారం మిగిలి ఉంటే, బంగారపు అయాను ఏకంగా వెండి కణం నుంచే ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది. దానికి మూడు కావాలి. వెండి పరమాణువు ఇవ్వగలిగింది ఒకటే. అందుకని మూడు వెండి పరమాణువులు కరిగి నీళ్ళలోకి వెళ్ళిపోతే, వాటి చోట ఒక్క బంగారు పరమాణువు చేరుతుంది. కణం లోపల ఖాళీలు కూడా పడవచ్చు. సీసాను ఎంతసేపు వదిలేశాం అన్నదాన్ని బట్టి లోపలి పాళ్ళు మారిపోతాయి. ఏ గంటకు తీసి చూశారో రాయని పరిశోధన పత్రం సగమే చెప్పినట్టు.

పుట్టాక కణం మారడం ప్రకృతిలోనూ మామూలే. గ్రిగైట్ దిక్సూచి మొదటే గ్రిగైట్‌గా పుట్టదు. హంగరీ శాస్త్రవేత్త మిహాయ్ పోష్ఫాయ్, ఆయన సహచరులు 1998లో చూపించినదేమంటే, ఆ బ్యాక్టీరియా మొదట అయస్కాంతగుణం లేని ఇనుప సల్ఫైడును చేస్తుంది. అందులో ఇనుము పాలు ఎక్కువ. రోజులు, వారాలు గడిచేకొద్దీ అది గ్రిగైట్‌గా మారి, అప్పుడు దిక్కు చూపడానికి పనికొస్తుంది.

మాగ్నటైట్‌దీ అలాంటి కథే. అందులోని ప్రతి మూడు ఇనుప పరమాణువుల్లో ఒకటి, ఇంకొక ఎలక్ట్రాన్‌ను ఇవ్వడానికి సిద్ధంగా ఉండే రకం. గాలి తగిలితే అది ఆక్సిజన్‌కు ఎలక్ట్రాన్ ఇచ్చేస్తుంది. కణం క్రమంగా మాగ్హెమైట్ అనే గోధుమరంగు ఖనిజంగా మారుతుంది. ఇదే గుణం మనకు ఉపయోగపడుతుంది. తోళ్ళ పరిశ్రమలు, లోహపు పూత పూసే కార్ఖానాలు వదిలే నీళ్ళలో ఆరు వేలెన్సీ క్రోమియం ఉండవచ్చు. అది క్యాన్సర్ కారకం, నీటిలో సులువుగా పారుతుంది. బ్యాక్టీరియా చేసిన తాజా మాగ్నటైట్ దానికి ఎలక్ట్రాన్లు ఇచ్చి, అంతగా కరగని మూడు వేలెన్సీ క్రోమియంగా మారుస్తుంది. ఆ క్రోమియం కణం పైపొరలోనే అతుక్కుంటుంది. పని జరుగుతున్నకొద్దీ కణపు ఉపరితలంలో ఇవ్వదగిన ఎలక్ట్రాన్లు తగ్గి, క్రోమియం పెరిగి, చివరికి పని ఆగిపోతుంది. ఇక్కడ మూలకాల మార్పు అంటే కణం చేసిన పనికి లెక్కే. ఎంత శుద్ధి జరిగిందో, ఇంకెంత మిగిలిందో ఆ పాళ్ళు చూసి చెప్పవచ్చు.

వెండి నానోకణాల గమ్యం కూడా తెలుసుకోవలసిందే. వాసన రాకుండా బట్టల్లో, గాయపు పట్టీల్లో వాడే వెండి ఉతుకుల్లో కొంత కొట్టుకుపోయి మురుగునీటిలో కలుస్తుంది. గాలి ఆడని మురుగులో సల్ఫేటును సల్ఫైడుగా మార్చే బ్యాక్టీరియా ఉంటుంది. ఆ సల్ఫైడు వెండిని పట్టుకుని వెండి సల్ఫైడుగా మార్చేస్తుంది. ఇంట్లో వెండి పట్టీలను నల్లబరిచేది ఈ పదార్థమే. అమెరికాలో మురుగునీటి శుద్ధి తర్వాత మిగిలిన బురదలో వెండి సల్ఫైడు నానోకణాలను 2010లో గుర్తించారు. ఇది దాదాపు కరగదు కాబట్టి జలచరాలకు దాని విషం బాగా తగ్గుతుంది. కొత్త వెండి కణాన్ని చేపల మీద ప్రయోగించి ఇంత ప్రమాదమని చెప్పడం, కాలువలో అసలు తిరిగేది ఏదో చూడకుండా తీర్పు చెప్పడం అవుతుంది.

బంగారపు గనుల్లో కూడా సూక్ష్మజీవుల చెయ్యి ఉంది. ఫ్రాంక్ రీత్ బృందం ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ గనుల దగ్గర దొరికిన బంగారు గింజల మీద బ్యాక్టీరియా పొరలున్నాయని 2006లో చూపించింది. అక్కడ దొరికిన కుప్రియావిడస్ మెటలిడ్యూరాన్స్ అనే బ్యాక్టీరియా కరిగిన బంగారాన్ని మొదట గంధకంతో జతకట్టి పెట్టుకుంటుంది. తర్వాత లోహపు నానోకణాలుగా మారుస్తుంది. రాతిలో పుట్టిన బంగారంలో సహజంగా వెండి కలిసే ఉంటుంది. నేలలో ఏళ్ళతరబడి ఉన్న గింజల అంచుల్లో మాత్రం వెండి చాలా తక్కువగా, బంగారం మరింత స్వచ్ఛంగా ఉంటుంది. వెండి ముందు కరిగిపోవడం, కరిగిన బంగారం మళ్ళీ పేరుకోవడం, రెండూ కలిసి ఆ అంచును చేస్తాయి.

ఇక ఇవన్నీ ఎలా కనిపెడతారు? వెండి నానోకణాలు 400 నానోమీటర్ల చుట్టుపక్కల తరంగదైర్ఘ్యమున్న కాంతిని పీల్చుకుంటాయి. బంగారపు కణాలు 520 ప్రాంతంలో. రెండు లోహాలూ ఒకే కణంలో సమంగా కలిస్తే ఈ రెండిటి మధ్యలో ఒకే శిఖరం కనిపిస్తుంది. వేర్వేరు కణాలుగా ఉంటే రెండు శిఖరాలు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో ఒక్కో కణం మీదకు ఎలక్ట్రాన్లను పంపి, దాన్నుంచి వెలువడే ఎక్స్-కిరణాలను బట్టి ఏ మూలకం ఎంతో లెక్కగడతారు. ఇందులో జాగ్రత్త అవసరం. కార్బన్, నైట్రోజన్, గంధకం కనిపిస్తే అవి చాలాసార్లు చుట్టూ ఉన్న ప్రొటీను తొడుగువి. రాగి కనిపిస్తే అది నమూనాను పెట్టిన రాగి జాలీది కావచ్చు.

అన్నిటికంటే పెద్ద ఉచ్చు క్లోరైడు. మన కాలేజీల్లో బ్యాక్టీరియాతో వెండి నానోకణాల ప్రాజెక్టు చేసే విద్యార్థులు సాధారణంగా ఒక మిల్లీమోలారు సిల్వర్ నైట్రేటు వాడతారు. బ్యాక్టీరియాను పెంచే న్యూట్రియెంట్ బ్రాత్‌లో లీటరుకు 5 గ్రాముల ఉప్పు ఉండటం మామూలు. లెక్క వేస్తే అది సుమారు 85 మిల్లీమోలార్ల క్లోరైడు. వెండికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. సిల్వర్ నైట్రేటు అందులో పడగానే తెల్లటి సిల్వర్ క్లోరైడు అవుతుంది. వెలుతురు తగిలితే అది దానంతటదే నల్లబడుతుంది. పాతకాలపు ఫోటోగ్రఫీ నడిచింది ఈ గుణం మీదే. కాబట్టి రంగు మారిందని సంతోషించేలోపు అది బ్యాక్టీరియా పనో, కిటికీలోంచి వచ్చిన ఎండ పనో తేల్చుకోవాలి. మామూలుగా వాడే రాగి ఎక్స్-కిరణాలతో పరీక్షిస్తే వెండి లోహం 38, 44 డిగ్రీల దగ్గర గీతలు చూపిస్తుంది. సిల్వర్ క్లోరైడు 28, 32, 46 డిగ్రీల దగ్గర చూపిస్తుంది. 32 దగ్గర బలమైన గీత ఉన్నా దాన్ని వెండిగానే రాసిన పత్రాలు ప్రచురితమయ్యాయి.

ఈ రంగంలో అడుగుపెడుతున్న విద్యార్థులకు, వాళ్ళ గైడ్లకు నాదొక విన్నపం. బ్రాత్ నుంచి బ్యాక్టీరియాను వేరుచేసి, ఉప్పులేని నీళ్ళతో కడిగిన తర్వాతే సిల్వర్ నైట్రేటు కలపండి. బ్యాక్టీరియా లేని సీసాలను ఒకటి వెలుతురులో, ఒకటి చీకట్లో పక్కనే ఉంచండి. ఎక్స్-కిరణాల పరీక్ష చేయించుకునే వీలు మీ కాలేజీలో లేకపోతే దగ్గరి విశ్వవిద్యాలయానికి నమూనా పంపండి. అదే నమూనాను నెల తర్వాత మళ్ళీ పరీక్షించి, రెండు ఫలితాలనూ మీ రిపోర్టులో రాయండి.